పాడైన జుట్టుకు బాండ్ రిపేర్ ఎలా వాడాలి: ముందు నూనె వదిలించండి, తర్వాత సీసా తెరవండి

"అక్కా, అంత డబ్బు పెట్టి ఆ చిన్న బాండ్ రిపేర్ సీసా కొన్నాను, మూడుసార్లు రాశాను, జుట్టు అలాగే ఉంది, ఇదంతా మోసమా?" వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: రాసిన రోజు తలకు నూనె ఉందా? ఎక్కువమంది "ఉంది, రాత్రి పెట్టుకుని పొద్దున తడిపి రాశాను" అంటారు. అక్కడే పోయింది. వెంట్రుక లోపలికి వెళ్లి పని చేయాల్సిన మందు నూనె పొర మీదే ఆగిపోయి, మళ్లీ షాంపూతో కలిసి కాలువలోకి పోయింది.

నేనూ అదే తప్పు చేశాను కాబట్టి చెబుతున్నాను. చెల్లి పెళ్లికి ముందు ఒక పార్లర్‌లో, అప్పటికే స్మూతెనింగ్ చేయించుకున్న జుట్టు మీద హైలైట్స్ (కొన్ని పాయల్ని బ్లీచ్‌తో లేత రంగుకు తేవడం) వేయించుకున్నాను. వద్దని అక్కడ ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేస్తే పాయ పట్టుకుని లాగినంత మేర సాగింది, వదిలితే వెనక్కి రాలేదు, ఉడికిన సేమియాలా చేతిలోకి తెగి వచ్చింది. బాత్రూమ్‌లోనే కూర్చుని ఏడ్చాను. ఆ జుట్టును మళ్లీ జడ వేసుకునే స్థితికి తెచ్చుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. అందులో మొదటి నెల అంతా తప్పుగా వాడి పోగొట్టుకున్నదే.

కొనే ముందు: మీ సమస్య ఇదేనా?

వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే గట్టి ముడుల్ని డైసల్ఫైడ్ బంధాలంటారు. బ్లీచ్ వాటిని తెంచుతుంది. రీబాండింగ్, స్మూతెనింగ్ క్రీములు కూడా తెంచుతాయి, ఆ తర్వాత న్యూట్రలైజర్ వేసి మళ్లీ కలుపుతారు గానీ అన్నీ కలవవు. బాండ్ రిపేర్ అనేది ఈ తెగిన ముడుల కోసం. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

పేరు దగ్గర జాగ్రత్త. "రీబాండింగ్ చేయించుకుంటే బాండ్స్ రిపేర్ అవుతాయి కదా" అని అడిగినవాళ్లున్నారు. రెండూ ఒకటి కాదు, పైగా ఒకదానికొకటి వ్యతిరేకమైన పనులు. కెరాటిన్ ట్రీట్‌మెంట్, హెయిర్ బోటాక్స్ కూడా బాండ్ రిపేర్ కావు. పార్లర్‌లో "బాండ్ ట్రీట్‌మెంట్" అన్నప్పుడు సీసా చూపించమని అడగండి, పేరు చదివాకే కుర్చీలో కూర్చోండి.

ఇక అసలు పరీక్ష. దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని ఒక తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. పొడవాటి వెంట్రుక, ఒక కొసన చిన్న తెల్లటి గింజలాంటిది ఉంటే అది కుదురు నుంచి రాలింది. గింజ లేకుండా చిన్న చిన్న ముక్కలుగా ఉంటే మధ్యలో తెగింది. తెగడానికి బాండ్ రిపేర్ పనికొస్తుంది, రాలడానికి పనికిరాదు. టైఫాయిడో డెంగ్యూనో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలుతుంటే, లేదా ఐరన్ తక్కువై, థైరాయిడ్ తేడా వచ్చి రాలుతుంటే, దయచేసి ఈ డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టకండి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి, చర్మ డాక్టర్‌ను కలవండి.

ఎప్పుడూ రంగు, బ్లీచ్, స్ట్రెయిటనింగ్ ముట్టని జుట్టు కేవలం పొడిగా, చిక్కుగా ఉందంటే కూడా దీని అవసరం పెద్దగా ఉండదు. మంచి కండిషనర్, తలస్నానానికి ముందు కొబ్బరినూనె, చివర్లు కాస్త కత్తిరించుకోవడం, వీటితోనే చాలామందికి తేడా కనిపిస్తుంది. కొబ్బరినూనె వెంట్రుకలోకి దిగే గుణం ఉన్న నూనె, తలస్నానాల్లో పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. అమ్మమ్మ చెప్పింది తప్పు కాదు, దాన్ని ఏ రోజు పెట్టాలన్నదే ఇక్కడ విషయం.

ఏది ఎంచుకోవాలి

ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి, మూడింటి వాడకం మూడు విధాలు. ఒకదాని పద్ధతిలో ఇంకొకటి వాడటం నేను చూసిన రెండో పెద్ద తప్పు.

మొదటిది రాసి, ఆగి, కడిగేసేది. ఓలాప్లెక్స్ నంబర్ 3 ఈ రకం. ఆ కంపెనీ 2014లో అమెరికాలో మొదలైంది, ఇందులో పని చేసే పదార్థం బిస్-అమినోప్రొపైల్ డైగ్లైకాల్ డైమాలియేట్. లేబుల్ వెనక ఈ పేరు ఉందో లేదో చూసుకోండి. రెండోది రాసి వదిలేసేది, కడగకూడదు. కే18 మాస్క్ ఈ రకం, ఇందులో పెప్టైడ్ (ప్రొటీన్ చిన్న ముక్క లాంటిది) ఉంటుంది. మూడోది సిట్రిక్ యాసిడ్ ఆధారంగా చేసిన షాంపూ, కండిషనర్, లీవ్-ఇన్ (రాసి కడగకుండా వదిలేసే క్రీము) సెట్లు, రెడ్‌కెన్ వాళ్ల ఆసిడిక్ బాండింగ్ కాన్సన్‌ట్రేట్ లాంటివి. ఇవి డైసల్ఫైడ్ ముడుల జోలికి పోకుండా వెంట్రుకలోని బలహీనమైన బంధాల్ని, వెంట్రుక పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాన్ని) సరిచేస్తాయి.

బ్లీచ్ బాగా తగిలిన జుట్టుకైతే మొదటిదో రెండోదో ఒక్కటి తీసుకోండి. ఎప్పుడో రంగు వేసుకుని, రోజూ స్ట్రెయిటనర్ వాడేవాళ్లకు మూడో రకం సరిపోతుంది, ధర కూడా కొంచెం తక్కువ పడుతుంది. మూడూ కొనాల్సిన పని ఎవరికీ లేదు.

సగం ధరకు వస్తోందని సోషల్ మీడియాలో ఎవరో అమ్మేది కొనకండి. సీల్, బ్యాచ్ నంబరు, దిగుమతిదారు పేరున్న స్టిక్కర్, ఎమ్మార్పీ ఉన్నది తీసుకోండి. మొదటిసారి చిన్న సైజు చాలు.

కావలసినవి

- మీరు ఎంచుకున్న బాండ్ రిపేర్ ఒకటి
- జిడ్డు, పేరుకున్న పొర తీసే షాంపూ ఒకటి: క్లారిఫయింగ్ అని రాసి, పదార్థాల్లో డైసోడియం ఈడీటీఏ లేదా టెట్రాసోడియం ఈడీటీఏ ఉన్నది
- మీ మామూలు షాంపూ, కండిషనర్
- పాత కాటన్ టీషర్ట్ (టవల్ కన్నా ఇదే మేలు, పోగుల్ని గీకదు)
- పెద్ద పళ్ల దువ్వెన, నాలుగు క్లిప్పులు
- బకెట్టు, మగ్గు, ఫోన్‌లో టైమర్
- చివర్లో పోసుకోవడానికి రెండు మగ్గుల మంచి నీళ్లు

ఆ ఆఖరి వస్తువు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో సగం కథ నీళ్లదే. మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు కుళాయిలో వచ్చే ఇళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. కానీ అమీర్‌పేట హాస్టళ్లలో, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల తలస్నానానికి వచ్చేది బోరు నీళ్లు, ఎండాకాలమైతే ట్యాంకర్ నీళ్లు. కుళాయి మూతి దగ్గర తెల్లటి గార, గీజర్ రాడ్ మీద సున్నంలాంటి పొర కనిపిస్తున్నాయా? మీ జుట్టు మీద కూడా ఆ కాల్షియం, మెగ్నీషియం పొరే పేరుకుంటుంది. బ్లీచ్ తగిలిన జుట్టు దాన్ని మరీ ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే ఈడీటీఏ ఉన్న షాంపూ అంటున్నాను, అది ఆ లోహాల్ని పట్టుకుని నీళ్లతో పాటు తీసుకుపోతుంది.

షవర్‌కు బిగించే మామూలు ఫిల్టర్లు క్లోరిన్‌ను తగ్గిస్తాయి గానీ నీటి గట్టిదనాన్ని తీసేయలేవు, దానికి రెజిన్ ఉన్న సాఫ్ట్‌నర్ కావాలి. అద్దె ఇంట్లో అదంతా ఎక్కడ పెట్టిస్తాం? ఫిల్టర్ చేసిన తాగే నీళ్లు రెండు మగ్గులు పక్కన పెట్టుకుని ఆఖర్న పోసుకోండి, చాలు. ఆర్వో మిషన్ పక్క పైపు నుంచి బకెట్‌లో పట్టే నీళ్లు మాత్రం తలకు వద్దు. లవణాలన్నీ వచ్చి చేరేది అందులోనే, బోరు నీళ్లకన్నా గట్టిగా ఉంటాయి. అవి గచ్చు కడగడానికి వాడుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక రోజు

చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు చూడండి. మంట, దురద, దద్దుర్లు వస్తే ఆపేయండి. మాడు మీద పుండు, ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గేదాకా ఆగండి.

ముందు ఫోటోలు తీసుకోండి. పగటిపూట ఒకే కిటికీ దగ్గర, ఆరిన జుట్టు, వెనక నుంచి ఒకటి, చివర్లు దగ్గరగా ఒకటి. ఇది దాటేయకండి. రోజూ అద్దంలో చూసుకునే జుట్టులో తేడా మన కంటికి తెలియదు.

చేసే విధానం

1. రెండు రోజుల ముందే నూనె ఆపండి. ఆదివారం రాయాలనుకుంటే శుక్రవారం తర్వాత నూనె, సీరం, జెల్ ఏదీ వద్దు. "నూనె లేకుండా ఒక్కరోజు కూడా ఉండలేను" అనేవాళ్లు తలస్నానం రోజుల్ని రెండుగా విడగొట్టుకోండి. బుధవారం నూనె పెట్టి స్నానం, ఆదివారం నూనె లేకుండా బాండ్ రిపేర్. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తున్నాను, అమ్మ కూడా ఊరుకుంది.

2. చిక్కు తీసి, క్లారిఫయింగ్ షాంపూ పెట్టండి. జుట్టు పొడిగా ఉన్నప్పుడే కింద చివర్ల నుంచి పైకి దువ్వండి. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లతో తడిపి షాంపూ పెట్టండి. మొదటిసారి అయితే రెండుసార్లు పెట్టి కడగండి. కడిగాక వేళ్లతో పాయను నొక్కి లాగితే కిర్రుమనాలి, జారకూడదు. జారుతోందంటే ఇంకా పొర ఉన్నట్టే. ఈ షాంపూ ప్రతిసారీ వద్దు, నెలకు రెండుసార్లు చాలు, మిగతా రోజుల్లో మీ మామూలు షాంపూ వాడండి. కుంకుడుకాయలతో తలంటుకున్న రోజు బాండ్ రిపేర్ పెట్టుకోకండి. సీరంలలోని సిలికాన్ పొరను కుంకుడు రసం పూర్తిగా తీయదు, పిప్పి కూడా జుట్టులో ఇరుక్కుంటుంది.

3. ఇప్పుడు కండిషనర్ పెట్టకండి. అలవాటుకొద్దీ చెయ్యి అటే వెళ్తుంది. కండిషనర్ సీసాను ఆ రోజు బాత్రూమ్ బయట పెట్టండి.

4. నీళ్లు పిండండి. టీషర్ట్‌తో పాయలు పాయలుగా అద్దండి, రుద్దకండి. నీళ్లు కారుతుంటే మందు పలచబడి జారిపోతుంది. ముట్టుకుంటే తేమ తెలియాలి, చుక్కలు మాత్రం రాలకూడదు.

5. నాలుగు భాగాలు చేసి రాయండి. ముందు పాడైన చోట, అంటే చాలామందికి మధ్య నుంచి చివర్ల దాకా. మాడుకు రుద్దాల్సిన పని లేదు, కొత్తగా వచ్చే జుట్టు బాగానే ఉంటుంది. ప్రతి భాగాన్నీ రెండు అరచేతుల మధ్య పెట్టి కిందికి ఒత్తుతూ రాయండి, తర్వాత పెద్ద పళ్ల దువ్వెనతో ఒక్కసారి దువ్వండి.

ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి.

కడిగేసే రకమైతే (ఓలాప్లెక్స్ 3 లాంటివి): పాడైన జుట్టంతా తడిసేటంత రాయండి. కనీసం పది నిమిషాలు ఉంచండి. బాగా పాడైతే అరగంట నుంచి ముప్పావుగంట ఉంచుకోవచ్చు, కానీ జుట్టు తడిగా ఉన్నంతసేపే అది పని చేస్తుంది. ఫ్యాన్ కింద కూర్చుంటే మన ఎండాకాలంలో పావుగంటకే ఆరిపోతుంది, కాబట్టి షవర్ క్యాప్ పెట్టుకోండి. ఆ తర్వాత నీళ్లతో కడిగి, మామూలు షాంపూ పెట్టి, ఇప్పుడు కండిషనర్ పెట్టండి. ఇది కండిషనర్ కాదు, మెత్తదనం ఇవ్వడం దీని పని కాదు. కండిషనర్ మానేసి "గడ్డిలా అయింది" అని బాధపడేవాళ్లు ఎందరో. మామూలుగా వారానికి ఒకసారి, బాగా పాడైతే వారానికి రెండు మూడుసార్లు.

కడగని రకమైతే (కే18 లాంటివి): ఒక్క పంపు అరచేతిలో వేసుకుని చివర్ల నుంచి మొదలుపెట్టండి. చాలకపోతేనే ఇంకొకటి, ఒత్తుగా పొడవుగా ఉంటే మూడు దాకా. నాలుగు నిమిషాలు ఏమీ చేయకుండా ఆగండి. తర్వాత కడగవద్దు, కండిషనర్ వద్దు. కావాలంటే ఆ నాలుగు నిమిషాలు దాటాక ఒకటి రెండు చుక్కల నూనె లేదా సీరం చివర్లకు రాసుకోవచ్చు. మొదట నాలుగు నుంచి ఆరు తలస్నానాలు వరుసగా ప్రతిసారీ, ఆ తర్వాత మూడు నాలుగు స్నానాలకు ఒకసారి. ఎక్కువ రాస్తే జుట్టు బిరుసుగా, పూత పూసినట్టుగా అనిపిస్తుంది. అలా అయితే వచ్చేసారి సగం తగ్గించండి.

సిట్రిక్ యాసిడ్ సెట్ అయితే: పైన 3 నుంచి 5 దాకా చెప్పినవి దీనికి కాదు. ఆ సెట్‌లోని షాంపూ, కండిషనర్ మామూలుగానే, కండిషనర్ మాత్రం సీసా మీద చెప్పినంతసేపు ఉంచండి. మాడు మీద గోకుడు గీతలు ఉంటే చురుక్కుమంటుంది, చివర్లకే పెట్టండి.

6. ఆఖరి రెండు మగ్గుల మంచి నీళ్లు. మొదటి, మూడో రకాలకు కడగడం అయ్యాక ఇవి పోయండి. రెండో రకానికి మందు రాయకముందే, షాంపూ వదిలాక పోసేయండి.

7. ఆరబెట్టడం. టీషర్ట్ చుట్టి పది నిమిషాలు, తర్వాత గాలికి. డ్రయర్ తప్పకపోతే తక్కువ వేడి, జానెడు దూరం. తడి జుట్టు మీద స్ట్రెయిటనర్ ఎప్పుడూ పెట్టకండి. లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు చేస్తాయి, అక్కడే పుటుక్కున తెగుతుంది, ఏ మందూ దాన్ని అతికించలేదు. పూర్తిగా ఆరాక కూడా 180 డిగ్రీలు దాటనివ్వకండి. పొద్దున తడి జుట్టునే ముడి వేసి, హెల్మెట్ పెట్టుకుని హైటెక్ సిటీ దాకా వెళ్లే అలవాటుంటే తలస్నానం ముందురోజు సాయంత్రానికి మార్చుకోండి. తడిగా ఉన్నప్పుడు జుట్టు అతి బలహీనంగా ఉంటుంది, ఆ ముడి దగ్గర, హెల్మెట్ రాపిడి దగ్గర తెగే ముక్కలే పాపిడి దగ్గర పీచులా లేచి నిలబడతాయి.

మళ్లీ మళ్లీ చూస్తున్న పొరపాట్లు

రెండు మందులు ఒకే రోజు కలపడం. "ఓలాప్లెక్స్ కడిగాక కే18 పెట్టుకోనా?" అని అడుగుతారు. అవసరం లేదు. ఏది పని చేస్తుందో మీకే తెలియదు, డబ్బు రెండింతలు. ఒకటి పట్టుకుని ఎనిమిది వారాలు వాడి చూడండి.

రాత్రంతా తడి తలకు పట్టించి పడుకోవడం. ఆరిపోయాక లాభం లేదని పైన చెప్పాను, పైగా గంటల తరబడి నీళ్లు పీల్చి ఉబ్బిన జుట్టు ఇంకా బలహీనపడుతుంది, దిండు రాపిడి ఒకటి.

కాస్త బాగుపడగానే మళ్లీ బ్లీచ్. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. మూడు నెలలు కష్టపడి తెచ్చుకున్న బలాన్ని పండగ ముందు ఒక్క గంటలో పోగొట్టుకుంటారు. తప్పనిసరైతే బ్లీచ్ మిశ్రమంలోనే బాండ్ బిల్డర్ (ముడుల్ని కాపాడే మందు) కలిపే సెలూన్‌లో చేయించుకోండి, అప్పుడు కూడా నష్టం తగ్గుతుందే తప్ప ఆగదు. స్మూతెనింగ్, గోరింటాకు, బాక్స్ కలర్, మీ జుట్టు చరిత్ర మొత్తం చెప్పండి. ముఖ్యంగా ప్యాకెట్ హెన్నా. కొన్నింటిలో లోహ లవణాలు కలిపి ఉంటాయి, వాటి మీద బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కి కాలిపోవచ్చు. ముందు ఒక చిన్న పాయ కత్తిరించి దాని మీద పరీక్షించమనండి.

చిట్లిన చివర్లు అతుక్కుంటాయని ఆశపడటం. రెండుగా చీలిన కొసను ఏదీ కలపలేదు. మొదటి వారంలోనే ఒక అంగుళం కత్తిరించుకుంటే మందూ తక్కువ పడుతుంది, చీలిక పైకి పాకదు.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

చేతికి మెత్తగా తగలడాన్ని నమ్మకండి. ఏ సిలికాన్ సీరం రాసినా మెత్తగా ఉంటుంది. రెండు వారాలకోసారి, క్లారిఫయింగ్ షాంపూ పెట్టిన రోజు, ఏమీ రాయకముందు ఈ పరీక్ష చేయండి.

రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని తడిపి, రెండు కొసలు పట్టుకుని మెల్లగా లాగండి. కొంచెం సాగి, వదలగానే తిరిగి ముడుచుకుంటే బాగుంది. చూయింగ్ గమ్‌లా సాగిపోయి అలాగే వేలాడితే బంధాలు ఇంకా తెగే ఉన్నాయి, వాడకం కొనసాగించండి. అసలు సాగకుండా పట్టుకోగానే పుటుక్కుమంటే తేమ తక్కువైంది. ఒక రెండు వారాలు బాండ్ రిపేర్ తగ్గించి, కండిషనర్, మాస్క్ పెంచండి. ఒక్క వెంట్రుకతో తేల్చకండి, వేర్వేరు చోట్ల నుంచి ఐదారు చూడండి. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పరీక్ష మీద ఆధారపడకండి, జిడ్డు ఉన్నా గాలి బుడగ పట్టినా ఫలితం మారిపోతుంది.

రెండోది, తలస్నానం తర్వాత భుజాల మీద తెల్ల టవల్ వేసుకుని దువ్వండి. గింజ లేని చిన్న ముక్కలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకోండి. నాకు మొదట్లో లెక్కపెట్టలేనన్ని పడేవి. నూనె ఆపి సరిగ్గా మొదలుపెట్టిన ఆరో వారానికి ఇరవై లోపు వచ్చాయి. ఆ రోజు ఫోటో కన్నా ఆ అంకే నాకు ధైర్యం ఇచ్చింది.

ఎనిమిది వారాలు సరిగ్గా వాడాక కూడా తడి వెంట్రుక గమ్‌లాగే సాగుతుంటే, ఆ భాగం ఇక నిలబడదు. మళ్లీ ఇంకో సీసా కొనకండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి ఆరు వారాలకోసారి ఒక సెంటీమీటరున్నర కత్తిరిస్తూ పోతే పొడవు తగ్గినట్టు తెలియకుండానే పాడైన భాగం కొద్దికొద్దిగా వెళ్లిపోతుంది. నాది ఆఖరి హైలైట్ కొస పోవడానికి అలా ఏడు సార్లు కత్తెర పడింది.